నడిమి పలక

నన్ను బల్ల ఆపి ఆరేళ్లయింది. మా సంఘం పద్ధతులు తెలియని వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాలి. నెల మొదటి ఆదివారం ఆరాధన చివర రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. దాన్ని ప్రభువు బల్ల అంటాం. ఫలానావాడు తప్పు చేశాడని పెద్దలు తేలిస్తే, ఒప్పుకునేదాకా రొట్టె పళ్లెం వాడి ముందు ఆగదు. పాట పాడొచ్చు, కానుక వేయొచ్చు, పండుగ వస్తే కుర్చీలు కూడా మోయొచ్చు. రొట్టె మాత్రం ముట్టకూడదు.

నేను చేసిన తప్పు వడ్రంగం. సాతంరాయిలో హైవేకి కాస్త లోపల నాకో రేకుల షెడ్డు ఉంది. విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టూ విల్లాలు లేచాయి. విల్లాలో మంచాలు, బీరువాలు కంపెనీవాళ్లు తెచ్చి బిగించి పోతారు. చేత్తో చెక్కే మనిషి కావలసింది ఒక్క పూజామందిరానికే. అందుకని నేను మందిరాలు చేశాను. "విగ్రహాలకు ఇల్లు కట్టెటోడు ప్రభువు బల్ల కాడ ఎట్ల కూసుంటడు?" అని మా సంఘపెద్ద యాదయ్య నిండు సభలో అడిగాడు. ఆ మందిరాల తలుపులకు వేలాడే ఇత్తడి గంటలు అమ్మే హార్డ్‌వేర్ కొట్టు మా సంఘస్థుడిదే. ఆయన బల్ల ఎవరూ ఆపలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత ఉంది కదా. మాకు పూజారులు లేరు, సంఘపెద్దలు ఉన్నారు.

మొదటి ఏడు కోపంగా ఉండేది. రెండో ఏడు సిగ్గుగా ఉండేది. ఆ తర్వాత రెండూ పోయి ఒట్టి అలసట మిగిలింది. నాకు యాభై ఆరేళ్లు, కుడి భుజం పైకి లేవదు, ఈ వయసులో పళ్లెం నన్ను దాటి పోతే నేనేం చచ్చిపోను. కానీ నా భార్య యేసుమణి సంగతి వేరు. పళ్లెం వచ్చినప్పుడు నేను తల దించుకుంటాను, ఆమె ఒక్కతే తీసుకుంటుంది. ఆ రోజు ఇంటికి నడిచేటప్పుడు ఒక్క మాట మాట్లాడదు. ఆరేళ్లలో అలాంటి ఆదివారాలు డెబ్భై దాటాయి. నాకు బల్ల తిరిగి కావాలంటే ఆమె కోసమే కావాలి.

ఆగస్టులో ఒక ఉదయం ఇమ్మాన్యుయేల్ అయ్యగారు, యాదయ్య కలిసి షెడ్డుకు వచ్చారు. అయ్యగారు మా పాస్టరు, కుర్రవాడే, ఈ సంఘానికి వచ్చి రెండేళ్లు కాలేదు. వాళ్ల వెనకే ఒక ట్రాలీ ఆటో వచ్చింది. అందులో మొద్దుల్లాంటి చెక్కలు ఉన్నాయి. మా సంఘంలో బ్లెసన్ అని ఒకతను కార్గో గోదాంలో పని చేస్తాడు. ఏదో పెద్ద యంత్రం విమానంలో దిగితే దాని కింద వేసి వచ్చిన దిమ్మెలు అవి. పారేస్తుంటే అడిగి పంపించాడట.

"అన్నా, పాత బల్ల కాళ్లు చెదలు తిన్నయి. వచ్చే నెల మొదటి ఆదివారానికి కొత్తది కావాలె. ఈ కట్టెతోని అయితదా?" అన్నాడు అయ్యగారు.

నేను జవాబు చెప్పేలోపే యాదయ్య అందుకున్నాడు. "బల్ల చేసినంక సంఘం ముందట నిలబడి రెండు ముక్కలు చెప్పు యోనా. మందిరాలు చేసుడు తప్పయింది, ఇగ చెయ్య అని. గంతే. గా దినమే నీ బల్ల నీకిస్తం."

"రెండు ముక్కలేనా, బాపు?"

"రెండే."

షెడ్డు మూల దుప్పటి కింద సగం అయిన మందిరం ఒకటి ఉంది. ముగ్గురమూ అటు చూడకుండా జాగ్రత్త పడ్డాం. వాళ్లు వెళ్లాక, టీ గ్లాసులు తీస్తూ యేసుమణి అంది, "చెప్పరాదా. రెండు ముక్కలు చెప్తె నోరు అరిగిపోదు."

"చెప్త," అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను.

చెక్కను దించడానికే నలుగురం కావలసి వచ్చింది. చిన్న ముక్క కూడా బరువుగా ఉంది. మేకులు పీకి, మురికి పొర మీద ఒక్కసారి రందా వేసి చిత్రిక పట్టగానే లోపల పాలమీగడ రంగు బయటపడింది. నాకు వెంటనే తెలిసిపోయింది. దుప్పటి కింద ఉన్న మందిరానిది కూడా అదే చెక్క. హార్డ్ మేపుల్ అంటారు దాన్ని.

ఆ మందిరం జ్ఞానప్రసూనాంబ గారిది. ఆమె భర్త జగన్మోహనరావు గారు ఇండోర్ ఆట కోర్టులకు చెక్క నేలలు పరిపించే వ్యాపారం చేస్తారు. గుంటూరు వైపు నుంచి వచ్చి శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నారు. నమూనాకని విదేశం నుంచి తెప్పించిన వెడల్పు పలకలు నాలుగు ఇంట్లో ఉంటే, వాటితో మందిరం చేయమన్నారు. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి ఆ చెక్క పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పారు. చలిదేశాల్లో మెల్లగా పెరిగే చెట్టట. అందుకే చెక్క లోపలి పోగు అంత దగ్గర. మనం ఈతచెట్టుకు లొట్టి కట్టినట్టు వాళ్లు దాని కాండానికి గాటు పెట్టి తీపి నీళ్లు పట్టుకుని పాకం కాస్తారట. బంతి ఎంత కొట్టినా సొట్ట పడదని ఆట కోర్టులకు వేస్తారు. వాసన లేదు, రుచి అంటదు, కత్తి గాటుకు లొంగదు, అందుకని వంటింట్లో కూరగాయలు కోసే పీటలూ, మాంసం కొట్టే దిమ్మెలూ దాంతోనే చేస్తారు. మన మటన్ కొట్టులో చింతమొద్దు చేసే పని అక్కడ ఇది చేస్తుందన్నమాట. రొట్టె పెట్టుకునే బల్లకు ఇంతకంటే తగిన చెక్క వెతికినా దొరకదని నాకు అనిపించింది.

తగినదే, కానీ పెంకిది. నలభై ఏళ్లు టేకుతో కాపురం చేసిన చేతులు నావి. టేకులో నూనె ఉంటుంది, రంపం దానంతటదే జారిపోతుంది. ఇందులో రంపం ఒక్క క్షణం ఆగితే అక్కడ చెక్క మాడి నల్లగా అవుతుంది. పొద్దున సాన పట్టిన ఉలి మధ్యాహ్నానికి మొండిదవుతుంది. పోగు అక్కడక్కడ అలలు తిరిగి ఉంటుంది, అక్కడ రందా వేస్తే పెచ్చులు లేస్తాయి. టేకు కంటే వానకు ఎక్కువ ఉబ్బుతుంది, ఎండకు ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకని పైపలకలను కదలకుండా బిగించకూడదు, స్క్రూ రంధ్రం పొడుగ్గా తీసి కాస్త కదలనివ్వాలి. తడినేల మీద పెడితే చెదలకు విందు భోజనమే. కాళ్ల కింద నల్లరాతి బిళ్లలు అమర్చాను. రోజు చివర భుజం మీద యేసుమణి వేడినీళ్ల గుడ్డ వేస్తుంటే, ఈ చెక్కను నరికినవాడు ఎవడో వాడికి నా నమస్కారం అనుకునేవాణ్ణి.

బల్ల పైకి మూడు పలకలు కావాలి. దిమ్మెల నుంచి సరిగ్గా మూడే వచ్చాయి. మూడోది బిగించేటప్పుడు తప్పు చేశాను. టేకులో స్క్రూకు చిన్న రంధ్రం చాలు, మిగతాది చెక్క సర్దుకుంటుంది. ఈ చెక్క సర్దుకోదు. స్క్రూ ఎంత లావో రంధ్రం దాదాపు అంత ఉండాలి. నాకు తెలుసు. మందిరానికి అలాగే చేశాను. కానీ ఆ రోజు అలసిపోయి ఉన్నాను, చెయ్యి పాత అలవాటుకు పోయింది. టప్‌మని చప్పుడైంది. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలింది. పనివాడి మీద కోప్పడదామంటే పనివాణ్ణి నేనే.

ఆదివారానికి పది రోజులు ఉన్నాయి. ఆరాంఘర్ నుంచి అటు ఉన్న టింబర్ డిపోలన్నీ తిరిగాను. మేపుల్ అంటే ఒకడు మైకా షీట్ చూపించాడు. ఇక వేరే దారి లేక జ్ఞానప్రసూనాంబ గారింటికి వెళ్లాను. ఆమె ఇచ్చిన నాలుగు పలకల్లో మూడు మందిరానికి అయిపోయాయి. నాలుగోది మందిరం వెనక వైపుకు, దేవుడి పటాల వెనక నిలబెట్టడానికి ఉంచింది.

జరిగింది దాచకుండా చెప్పాను. నన్ను బల్ల ఆపిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె మందిరం లాంటివి చేసినందుకే ఆపారని ఆమె మొహం మీద ఎలా చెప్పను?

"మందిరానికి వెనకాల గోడ ఉందిగా యోనా గారూ. నాకు గోడ చాలు," అందామె. "మీ దేవుడికి రొట్టె పెట్టే చోట పలక లేకపోతే ఎలాగండీ? తీసుకెళ్లండి. ముందు ఆ కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

జగన్మోహనరావు గారు గేటు దాకా వచ్చి, "రంగు మాత్రం వేయించకండి. ఈ చెక్క రంగు సమంగా పీల్చదు, మచ్చలు పడుతుంది. ఉన్నదున్నట్టు వదిలేయండి," అన్నారు.

ఆమె పలక మిగతా రెండింటికంటే బాగుంది. దాన్ని నడుమ వేశాను. రెండు వైపులా గోదాం దిమ్మెల పలకలు, నడుమ ఆమెది. అతుకులు వేలితో తడిమితే కూడా తెలియలేదు. ఇంత మంచి పని నేను చేసి చాలా ఏళ్లయింది. సంతోషం వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

గురువారం మందిరం అప్పజెప్పడానికి వెళ్లాను. దాన్ని గోడకు నిలబెట్టి, తలుపులు సరిచూసి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. షెడ్డు ముందు యాదయ్య స్కూటర్ ఉంది. లోపల యాదయ్య, పక్కన ఆయన పిలుచుకొచ్చిన పాలిష్ మనిషి తలలు దించుకుని నిలబడి ఉన్నారు. బల్లంతా టేకు రంగు పూసి ఉంది. టేకు రంగు అని డబ్బా మీద ఉంది గనుక అంటున్నాను. ఒకచోట నల్లగా, ఒకచోట పసుప్పచ్చగా, ఇంకోచోట అసలేమీ అంటకుండా, బొల్లి వచ్చిన చర్మంలా ఉంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడగబోయి ఆగాను. యాదయ్యకు డెబ్భై నాలుగేళ్లు.

"తెల్లగ ప్యాకింగ్ డబ్బా లెక్క ఉండె యోనా," అన్నాడు చివరికి. "ఆదివారం మంది చూసి ఏమంటరు? బల్ల అంటె టేకు లెక్క ఉండాలె గద. నీకు జర సాయమైతదని..."

"ఎవలన్న అడిగిన్రా బాపు, సాయం?"

పాలిష్ మనిషి మెల్లగా జారుకున్నాడు. నేను కింద కూలబడ్డాను. కోపం కూడా రాలేదు. ఈ దేశంలో చెక్క అంటే టేకు, టేకు కాకపోతే టేకు వేషం. వేపకు వేస్తాం, తుమ్మకు వేస్తాం, ప్లైవుడ్‌కు వేస్తాం. అన్నీ ఒప్పుకుంటాయి. ఇదొక్కటి ఒప్పుకోలేదు.

రందా వేస్తే పెచ్చులు లేస్తాయి. గాజు పెంకుతో గీకడం ఒక్కటే దారి. పాత కిటికీ అద్దం పగలగొట్టి, అంచు బాగున్న పెంకు ఒకటి తీసుకుని మొదలుపెట్టాను. కాసేపయ్యాక యాదయ్య కూడా ఒక పెంకు తీసుకున్నాడు. వద్దంటే వినలేదు. ఎదురుబొదురు కూర్చుని గీకుతున్నాం. సన్నటి పొట్టు రాలుతోంది. ఆయన పోగు దారినే గీకుతున్నాడు. భూములు విమానాశ్రయానికి పోకముందు వాళ్లకు అక్కడ నాలుగెకరాలు ఉండేవి, నాగలి చెయ్యి అది, పని మరిచిపోలేదు.

"గీ నడిమిది మస్తుగున్నది," అన్నాడు ఆయనే. "మరక గూడ తక్కువ పట్టింది."

ఇక దాచబుద్ధి కాలేదు. ఆ పలక ఎక్కడిదో, ఎందుకు దాచుకున్నదో, ఎవరిచ్చారో చెప్పాను. ఆయన గీకడం ఆపేశాడు.

"గా మందిరం కోసం పెట్టుకున్నదా?"

"అవు బాపు. దేవుని పటాల ఎనకకు."

"ఎవలకు చెప్పకు," అన్నాడు మెల్లగా. "నీకు, నాకు తెలిస్తె చాలు. ఆదివారం నువ్వు రెండు ముక్కలు చెప్పి కూసో. ఇగ గీ పంచాది ఒడిసిపోవాలె యోనా. నాకు గూడ చాతనైతలేదు."

ఆయన కూడా అలసిపోయాడని అప్పుడే తెలిసింది. ఆరేళ్లు ఒక మనిషిని బయట నిలబెట్టడానికి తలుపు పట్టుకునే వాడికి కూడా చేతులు నొప్పి పుడతాయి కాబోలు. పెంకు అక్కడ పెట్టి, పెంకుకు తెగిన వేలిని పంచె అంచుతో ఒత్తుకుంటూ వెళ్లిపోయాడు.

శుక్ర, శనివారాలు నేను ఒక్కణ్ణే గీకాను. మరకంతా పోయింది. మైనం రుద్ది ఊరుకున్నాను. యేసుమణి వచ్చి చూసింది, అరచేత్తో నిమిరింది. "గిదే మంచిగున్నది," అంది. "రేపటికి చెప్పే మాటలు అనుకున్నవా?"

"ఆ," అన్నాను. అనుకున్నాను కూడా. మందిరాలు చేయడం తప్పయింది, ఇక చేయను. పైకి అనుకుంటే నాలుకకు ఏమీ అడ్డం రాలేదు.

ఆదివారం మా ప్రార్థన గుడి నిండింది. బల్ల మీద తెల్లగుడ్డ పరవలేదు, అందరూ చూడాలని అయ్యగారే వద్దన్నారట. ప్రార్థన అయింది, వాక్యం అయింది. "యోనా అన్న రెండు మాటలు చెప్తడు," అని అయ్యగారు పిలిచారు. యాదయ్య ముందు వరుసలో ఉన్నాడు. నేను లేచి బల్ల పక్కన నిలబడ్డాను. ఆడవాళ్ల వైపు యేసుమణి కనిపించింది. మెడ చాచి చూస్తోంది. ఆమె ముఖంలో అంత ఆశ చూసి చాలా కాలమైంది, నాకు భయం వేసింది.

"మందిరాలు..." అన్నాను. తర్వాతి మాట వచ్చేలోపు చూపు బల్ల మీద పడింది. కాఫీ చల్లారిపోతోందన్న మనిషి గుర్తొచ్చింది. ఆమె ఇచ్చిన పలకను బల్లకు వేసుకుని, ఆమెకు చేసిన పనిని తప్పని అనాలి. అంత పని నాతో కాలేదు.

"మందిరాలు చేసిన. కడుపు కోసం చేసిన, మంచిగ చేసిన. తప్పని అనలేను," అన్నాను. "గీ బల్లకు నడిమి పలక ఒక అమ్మ ఇచ్చింది. ఆమె పూజామందిరానికి దాచుకున్నది. మా కట్టె చీలితె, తనది ఇడిచిపెట్టి ఇచ్చింది. నేను చేసింది తప్పయితే గీ పలక గూడ తప్పే. తీసెయ్యాలంటె చెప్పున్రి, ఇప్పుడే తీసేస్త. నాలుగు స్క్రూలే."

వెనక ఎవరో గొణిగారు. అయ్యగారు యాదయ్య వైపు చూశారు. యాదయ్య కట్టు కట్టిన వేలు చూసుకుంటూ తల అడ్డంగా ఊపాడు, తీయొద్దని. అయ్యగారు రొట్టె పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టారు. సరిగ్గా నడుమ పెట్టారు. ఇంకెక్కడ పెడతారు, నడుమే కదా పెట్టాలి.

నేను వెళ్లి నా చోట కూర్చున్నాను. పాట మొదలైంది. పళ్లెం వరుసల వెంట వచ్చింది, నా దగ్గర ఆగకుండా పక్కాయన చేతికి పోయింది. పలకను పుచ్చుకున్నారు, మనిషిని పుచ్చుకోలేదు. నాకు కోపం రాలేదు. కానీ యేసుమణి వైపు తల తిప్పే ధైర్యం లేకపోయింది. ఆరేళ్లు ఎదురుచూసిన దాన్ని ఆమె కళ్ల ముందే నా చేత్తో నేనే పారేశాను.

ఎప్పటిలాగే ఇంటికి మాట్లాడకుండా నడిచాం. సర్వీసు రోడ్డు మీద క్యాబ్‌లు వరుసగా ఆగి ఉన్నాయి. ఎండ మాడ్చేస్తోంది. ఆమె నాకు పది అడుగులు ముందు నడుస్తోంది. తిడితే బాగుండును అనుకున్నాను.

ఇంట్లోకి పోకుండా తిన్నగా షెడ్డులోకి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా పడినట్టుంది, పంటితో లాగింది. లోపల వేలి గోరంత రొట్టె ముక్క ఉంది.

"నువ్వు తినలేదా?" అన్నాను.

"అందరు తిన్నరు. నేను పిడికిలి మూసుకున్న."

"యేసుమణీ, గది ఇంటికి తేవొద్దు. ఎవలన్న చూస్తె నీ బల్ల గూడ ఆపుతరు."

"ఆపనీ," అంది. ముక్కను రెండు చేసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది తన దగ్గర ఉంచుకుంది. "ఆరేండ్ల సంది ఒక్కదాన్నే తింటున్న. గొంతు దిగుతలేదు. ఇగ నాతోని కాదు."

చేతులు కడుక్కొస్తానని లేచాను. "ఏం అక్కర్లే, కూసో," అని నా అరచేతిలో పెట్టింది. ఇద్దరం తిన్నాం.